గొడుగుంటే రాయాలి

ఇరవై రెండేళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషికి కాలేజీ గేటు కాయడం ఒక లెక్కా అని అందరూ అన్నారు. అతనూ అలాగే అనుకున్నాడు. కదిలే బండిలో నిలబడి వందమందిని చూసుకున్నవాడికి కదలని గేటు దగ్గర కూర్చోవడం ఏం కష్టం. బస్సుల కంపెనీ మూతబడ్డాక ఏడాదిపాటు ఖాళీగా ఉండి, ఇంట్లోవాళ్ళ మొహాలు చూడలేక తిరిగితే దొరికిన ఉద్యోగం ఇది. మూడు నెలలు చూసి, పని నచ్చితే ఖాయం చేస్తామన్నారు. చేరిన రోజు మధ్యాహ్నానికే పిల్లలంతా అతన్ని కండక్టర్ అనడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లోపలికి వచ్చిన ప్రతివాణ్ణీ "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటుంటే ఇంకేమంటారు?

గేటుకు ఆనుకుని చిన్న గది. అందులో ఒక బల్ల, కుర్చీ, గడియారం, రోడ్డువైపొకటి లోపలివైపొకటి కిటికీలు, ఆ కిటికీల మధ్య గోడకు ఒక మేకు. గది బయట నిలువెత్తు బోర్డు, దానిమీద పదకొండు నియమాలు. కండక్టర్ మొదటి పూటే వాటిని బట్టీ పట్టేశాడు. ఒకటోది, గేటు మనిషి గేటు వదిలి వెళ్ళరాదు. నాలుగోది, తొమ్మిది దాటి వచ్చినవారి పేరు రిజిస్టర్‌లో రాయవలెను, మూడుసార్లు పేరు పడినవారు ఆఖరి పరీక్షకు అనర్హులు. అది చదివి అతనికి ప్రాణం లేచొచ్చింది. టిక్కెట్టుంటే ఎక్కనివ్వాలి, లేకపోతే దింపెయ్యాలి. జన్మంతా అతను నమ్ముకున్న పద్ధతి అదే.

ఆ ఆనందం మర్నాడు తొమ్మిదీ ఐదుదాకా నిలిచింది. ఆలస్యంగా వచ్చిన గుంపును ఆపి అతను రిజిస్టర్ తెరవగానే, ఎన్నో ఏళ్ళుగా ఆ గేటు కాస్తున్న పెద్దాయన అరచేత్తో దాన్ని మూసేశాడు.

"ఏం చేస్తున్నావు తమ్ముడూ?"

"తొమ్మిది దాటింది కదన్నా. పేర్లు రాస్తున్నాను."

"గొడుగేదీ?"

కండక్టర్ ఆకాశం వైపు చూశాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది.

"ఆ మేకు చూశావా?" అన్నాడు పెద్దాయన, పిల్లల్ని లోపలికి పొమ్మని చెయ్యి ఊపుతూ. "దానికి గొడుగుంటే రాయాలి. లేకపోతే రాయకూడదు."

గొడుగు లెక్కల మాస్టారిది, ఇప్పుడు పాఠాలు మానేసి క్రమశిక్షణ మాత్రమే చూస్తున్నాడు. కర్ర పిడి ఉన్న పొడుగాటి నల్లగొడుగు. స్టాఫ్‌రూమ్ బీరువాలో పట్టదు కాబట్టి ఆయన దాన్ని గేటు గదిలో తగిలించి లోపలికి వెళతాడు. ఆ యాజమాన్యానికి ఊళ్ళో ఇంకో కాలేజీ కూడా ఉంది. మాస్టారు వారంలో కొన్ని రోజులు ఇక్కడ, కొన్ని రోజులు అక్కడ. ఏ రోజు ఎక్కడో ముందుగా ఎవరికీ చెప్పడు. పొద్దున ఏడున్నరకల్లా, గది ఊడ్చే మనిషి తలుపు తీయగానే వచ్చేస్తాడు, గేటువాళ్ళు ఇళ్ళకు వెళ్ళాకగానీ వెళ్ళడు. ఆయన ఉన్నాడో లేడో కాలేజీ మొత్తానికి తెలిపేది ఆ గొడుగొక్కటే. లోపలికి వచ్చే ప్రతివాడూ ముందు కిటికీలోంచి మేకు వైపు ఒక చూపు చూస్తాడు. గొడుగుంటే నడక మారుతుంది.

"మరి బోర్డు మీద అలా రాసి ఉంది కదన్నా?"

"బోర్డు రోజూ ఉంటుంది. రోజూ ఉండేదాన్ని ఎవరు చూస్తారు?"

"అంటే గొడుగు లేనప్పుడు రాయకూడదా, రాయకపోయినా పర్లేదా?"

పెద్దాయన చొక్కా జేబు తడుముకున్నాడు. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఈ మాట అడగలేదయ్యా," అని బీడీ వెలిగించుకున్నాడు. బోర్డు మీది తొమ్మిదో నియమం ప్రకారం ఆవరణలో పొగ తాగకూడదు. మేకు మాత్రం ఖాళీగానే ఉంది.

కండక్టర్ ఆ సందేహం ప్రిన్సిపాల్ మేడమ్ చెవిన కూడా వేశాడు. ఆవిడ కారు దిగుతూ, "రూల్ అంటే రూలే. కాకపోతే మనుషుల్ని చూసుకోవాలి," అంది. చూసుకుని రాయాలా, చూసుకుని వదిలెయ్యాలా అని అడగబోయేలోపల ఆవిడ మెట్లెక్కేసింది. అడిగినకొద్దీ బుర్ర ఇంకా వేడెక్కడం తప్ప ఏమీ తేలడం లేదని అతనికి అర్థమైంది. గొడుగునే నమ్ముకున్నాడు.

రెండు నెలలు గడిచేసరికి పెద్దాయన మోకాళ్ళ వైద్యానికి సెలవు పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన సోమవారం కండక్టర్ డ్యూటీకి వచ్చేసరికి మేకుకు గొడుగుంది. మంగళవారం ఉంది. బుధవారం కూడా ఉంది. వారం తిరిగినా ఉంది.

పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి మాస్టారు ఇక్కడే మకాం వేశాడన్నారు అందరూ. కాలేజీ స్వరూపమే మారిపోయింది. లైబ్రరీలో కాగితం తిప్పితే వినబడేంత నిశ్శబ్దం. క్యాంటీన్ నడిపే ఆవిడ గంట మోగగానే గిన్నెలు లోపల పెట్టేసి షట్టర్ దింపేసేది. ఎన్నడూ వేళకు రాని ఫిజిక్స్ లెక్చరర్ ఎనిమిదీ యాభైకే వచ్చి గడియారం కింద నిలబడేవాడు. మాస్టారు పొద్దున పై అంతస్తులో కనిపించాడని ఒకరు, ల్యాబ్ వెనక ఆయన దగ్గు వినిపించిందని ఇంకొకరు. కండక్టర్ మాత్రం ఆయన్ని చూడలేదు. అయినా తను గేటు మనిషి, గేటు వదిలి వెళ్ళకూడదు కదా.

అందరూ మారారుగానీ పరుగుపిల్ల మారలేకపోయింది. మొదటి సంవత్సరం అమ్మాయి. రోడ్డు మలుపు దగ్గర సంచి వీపున ఎగురుతుండగా పరుగెత్తుకు రావడం చూసి ఆ పేరు కండక్టరే పెట్టాడు. వాళ్ళిల్లు ఆస్పత్రి వెనక వీధిలో, అందులో ఉండేది ముగ్గురు ఆడవాళ్ళు. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ చేసి, దుప్పట్లు ఇస్త్రీ పెట్టి, ఎనిమిదీ ముప్పావుకి ఇల్లు చేరుతుంది. మంచం మీదున్న అమ్మమ్మను ఒంటరిగా వదలడానికి లేదు. అమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే పిల్ల గుమ్మం దాటుతుంది. ఎంత పరుగెత్తినా తొమ్మిదీ ఐదు. తల్లిని ముందుగా రమ్మనో, పక్కింటావిణ్ణి కాసేపు కూర్చోమనో బతిమాలి చాలా రోజులు వేళకు అందుకునేది, అది కుదరని రోజే ఆలస్యం. మొదటిసారి పేరు రాస్తుంటే ఇదంతా చెప్పింది. రెండోసారి ఏమీ చెప్పలేదు. మూడోసారి లోపలికి వచ్చి మేకు వైపు చూసి, "గొడుగుంది కదా బాబాయ్," అని తనే రిజిస్టర్ అతని ముందుకు జరిపింది.

కండక్టర్ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. గదిలో ఇద్దరే ఉన్నారు. రాయకపోతే ఎవరికీ తెలియదు. కానీ కిటికీ అవతల మాస్టారు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో ఎవరికెరుక? తన మూడు నెలలు ఇంకో పది రోజుల్లో పూర్తవుతాయి. ఇంట్లో భార్య అప్పుడే ఖాయమైపోయినట్టు చుట్టాలందరికీ చెప్పేసింది కూడాను. అతనికి భయం వేసింది. భయపడే రాశాడు. రాసినంతసేపూ ఆ పిల్ల మొహం చూడలేదు.

పరీక్షలు సోమవారం మొదలు. ముందటి శుక్రవారం, మూడుసార్లు పేరు పడినవాళ్ళ జాబితా ఆఫీసుకు ఇవ్వాలి. కండక్టర్ జాబితాలో ఒకే ఒక్క పేరుంది. హెడ్ క్లర్కు కళ్ళద్దాలు పైకి తోసుకుని దాన్ని చూశాడు.

"మాస్టారి సంతకం లేకుండా నేనేం చేసుకోను? పోయి పెట్టించుకురా."

గేటు వదలమన్నది ఆఫీసే కాబట్టి కండక్టర్ బయల్దేరాడు. ఇప్పుడే క్యాంటీన్ వైపు వెళ్ళాడంది లైబ్రరీ. పైకి వెళ్ళాడేమో అంది క్యాంటీన్. పై అంతస్తులో ఫిజిక్స్ లెక్చరర్ గొంతు తగ్గించి, కింద ఉన్నాడటగా అని అతన్నే అడిగాడు. చూశారా అంటే చూశామని ఒక్కరూ అనలేదు, లేడా అంటే లేడనీ అనలేదు. మూడు అంతస్తులూ రెండుసార్లు ఎక్కి దిగాక కండక్టర్‌కు కాళ్ళు పీకడం మొదలైంది. మళ్ళీ ఆఫీసుకొచ్చి, మాస్టారు కాలేజీలో ఎక్కడా లేడండీ అన్నాడు.

"లేకపోవడమేమిటి? సెలవు చీటీ పంపిన మర్నాడే వచ్చేశాడుగా."

"సెలవు చీటీయా?"

హెడ్ క్లర్కు సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. ఒంట్లో బాగోలేదు, నెల రోజులు సెలవు కావాలి అని అందులో ఉంది. తారీఖు సుమారు మూడు వారాల కిందటిది. ఇద్దరూ ఆ కాగితాన్ని చూశారు, తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మరి గొడుగుంది కదయ్యా," అన్నాడు హెడ్ క్లర్కు. "గొడుగు చూసి, సెలవు రద్దు చేసుకుని వచ్చేశాడనుకున్నాను."

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక కండక్టర్ మాస్టారింటికి వెళ్ళాడు. తలుపు తీసిన ఆయన భార్య అతన్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. మాస్టారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఇన్నాళ్ళూ కాలేజీని గడగడలాడించిన మనిషి ఈయనేనా అని అనుమానం వచ్చేంత చిక్కిపోయాడు. ఆ సోమవారం పొద్దున గొడుగు తగిలించి నాలుగడుగులు వేసేసరికి గుండెలో పట్టేసిందట. ఊడ్చే మనిషి పరుగెత్తి టాక్సీ పిలిస్తే, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆ మనిషి దగ్గర మాట తీసుకుని ఆస్పత్రికి పోయాడు. గొడుగు మాట ఎవరికి గుర్తుంటుంది?

కండక్టర్ జరిగిందంతా చెప్పుకొచ్చాడు. మాస్టారు ఎక్కడా ఆపకుండా విన్నాడు.

"నేను లేకుండానే మూడు వారాలు అన్నీ సరిగ్గా జరిగాయా?"

"చాలా సరిగ్గా జరిగాయి సార్."

మాస్టారి మొహంలో సంతోషమో బాధో పోల్చుకోలేని రంగొకటి వచ్చి పోయింది.

"ఆ అమ్మాయి పేరు కొట్టేసి సంతకం పెట్టండి సార్," అన్నాడు కండక్టర్.

"సెలవులో ఉన్నవాడు సంతకం పెట్టకూడదు. అది బోర్డు మీద ఉండదుగానీ, రూలే."

"మీరుంటే ఏం చేసేవారు సార్?"

"పిలిచి నాలుగు చివాట్లు పెట్టి పంపేసేవాణ్ణి. పన్నెండేళ్ళలో ఒక్క పిల్లనీ పరీక్షకు రావొద్దనలేదయ్యా. జాబితా తెస్తే సొరుగులో పడేసేవాణ్ణి. గొడుగు చూసి భయపడితే చాలనుకున్నాను."

"అయితే ఇప్పుడే చివాట్లు పెట్టెయ్యండి సార్. నేను వెళ్ళి చెబుతాను."

"సెలవులో ఉన్నాను కదయ్యా," అన్నాడు మాస్టారు నీరసంగా. తర్వాత కాసేపటికి, "రేపూ ఎల్లుండీ ఆస్పత్రిలో చూపించుకోవాలి, సోమవారం సాయంత్రం నా గొడుగు తెచ్చిపెట్టు. అది అక్కడ ఉండకూడదు," అన్నాడు.

శనివారం పొద్దున్నే కండక్టర్ గొడుగు తీసి బల్ల కింద పెట్టాడు. గంట తిరక్కుండా కాలేజీ బిగువు సడలిపోయింది. లైబ్రరీలో ఎవరో పకపకా నవ్వారు. క్యాంటీన్ షట్టర్ మధ్యాహ్నందాకా దిగలేదు.

ఆ సందట్లో అతను రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాడు. బస్సులో ఒక టిక్కెట్టు పొరపాటున కొట్టేస్తే దాన్ని రద్దు చేయాల్సింది కొట్టిన కండక్టరే. వెనక కారణం రాసి సంతకం పెట్టాలి. పైవాళ్ళు అడిగితే తనే జవాబు చెప్పుకోవాలి. అతనికి తెలిసిన రూల్ అదొక్కటే. పరుగుపిల్ల పేరు ఉన్న మూడు చోట్లా అడ్డగీత గీసి, పక్కన 'గొడుగు మాత్రమే ఉంది, మనిషి లేడు' అని రాసి, మూడుసార్లూ తన సంతకం పెట్టాడు.

హెడ్ క్లర్కు అది చూసి నోరు తెరిచాడు. "నువ్వు రాయొచ్చు. కొట్టెయ్యొచ్చని ఎక్కడుంది?"

"కొట్టెయ్యకూడదని ఎక్కడుందండీ?"

హెడ్ క్లర్కు లేచి గేటుదాకా వెళ్ళి బోర్డు మీది పదకొండూ చదివి తిరిగొచ్చాడు. "నాకేం పాలుపోవడం లేదు. హాల్ టిక్కెట్ నా సొరుగులోనే ఉంటుంది. మాస్టారు వచ్చి సరేనంటే ఇస్తాను. లేదంటే లేదు."

సోమవారం వచ్చింది. పరీక్ష పదింటికి. తొమ్మిదయింది, తొమ్మిదీ ఐదయింది. కండక్టర్ రోడ్డు మలుపు మీదే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరెవరో వచ్చారుగానీ సంచి ఎగరేసుకుంటూ వచ్చే పిల్ల మాత్రం రాలేదు. తొమ్మిదీ పదయింది. ఆ పిల్ల రాదు. మూడు అయ్యాయని తనే లెక్క పెట్టుకుంది. కొట్టేశానని తను ఎవరికి చెప్పాడు? రిజిస్టర్‌కు చెప్పాడు, క్లర్కుకు చెప్పాడు, ఆ పిల్లకు తప్ప అందరికీ చెప్పాడు.

బోర్డు మీది ఒకటో నియమం అతనికి ఎదురుగానే ఉంది. అతని మూడు నెలలు పూర్తవ్వడానికి ఇంక మూడు రోజులే మిగిలాయి. అతను బల్ల కిందకు వంగి గొడుగు తీశాడు. మేకుకు తగిలించాడు. రిజిస్టర్ తెరిచి, పక్కన పెన్ను పెట్టి, గేటు వదిలి ఆస్పత్రి వెనక వీధి వైపు పరుగు లంకించుకున్నాడు.

లాండ్రీ గోడను ఆనుకుని ఉన్న వరసలో నాలుగో ఇల్లు అదని ఎవరో చూపించారు. తలుపు తీసే ఉంది. తల్లి చెప్పులైనా విప్పకుండా కుర్చీలోనే నిద్రపోతోంది. పరుగుపిల్ల అమ్మమ్మకు చెంచాతో నీళ్ళు పడుతోంది. అతన్ని చూసి గ్లాసు పక్కన పెట్టింది.

"ఏమైంది బాబాయ్?"

"పరీక్షకు రాలేదేం తల్లీ?"

"మూడయ్యాయి కదా."

"కొట్టేశాను."

"ఎవరు కొట్టెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే."

"మీరు కొట్టెయ్యొచ్చా?"

కండక్టర్ ఎగశ్వాసతో గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "నాకు తెలీదమ్మా. నేను రాశాను కాబట్టి నేనే కొట్టేశాను. రానిస్తారో లేదో కూడా తెలీదు. నువ్వు మాత్రం రావాలి."

కుర్చీలో తల్లి కళ్ళు తెరవకుండానే, "వెళ్ళవే, నేనున్నాను," అంది. పరుగుపిల్ల సంచి అందుకుంది.

వాళ్ళు కాలేజీ చేరేసరికి తొమ్మిదీ యాభై. పిల్ల అతనికంటే ఇరవై గజాలు ముందుంది. ఇద్దరూ నేరుగా ఆఫీసు మెట్లెక్కారు. హెడ్ క్లర్కు వాళ్ళను చూసి సొరుగు మీద చెయ్యి వేసుకున్నాడు.

"మాస్టారు చెబితేనే అన్నానా?"

కండక్టర్‌కు ఆయాసంలో మాట పెగల్లేదు. వేలెత్తి కిటికీ వైపు చూపించాడు. ఆఫీసు కిటికీలోంచి చూస్తే గేటు గది, అందులో మేకు, మేకుకు నల్లగొడుగు కనబడుతున్నాయి. హెడ్ క్లర్కు గబుక్కున లేచి చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"వచ్చేశాడా? ఈ అమ్మాయి సంగతి సరేనన్నాడా?"

"గొడుగుంది కదండీ," అన్నాడు కండక్టర్.

హెడ్ క్లర్కు సొరుగు లాగి హాల్ టిక్కెట్ ఆ పిల్ల చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చూసుకుంది, కండక్టర్ వైపు చూసింది, మెట్ల మీద పరుగెత్తింది. ఆ చప్పుడు పై అంతస్తుదాకా వినబడుతూనే ఉంది. కండక్టర్‌కు కళ్ళు చెమర్చాయి. పరుగు వల్లనే అని క్లర్కుకు చెప్పాడు.

గేటు దగ్గరికి తిరిగొస్తే అంతా సవ్యంగానే ఉంది. తెరిచిపెట్టిన రిజిస్టర్‌లో కొత్తగా ఐదు పేర్లున్నాయి. ఎవరి పేరు వాళ్ళే రాసుకుని, వచ్చిన వేళ వేసుకుని, లోపలికి వెళ్ళారు. నాలుగోది ఫిజిక్స్ లెక్చరర్‌ది. ఐదోది తొమ్మిదీ ఇరవైకి, గుండ్రటి అందమైన అక్షరాల్లో ప్రిన్సిపాల్ మేడమ్‌ది. పక్కన కారు టైరు పంక్చరైందని కారణం కూడా రాసింది. కండక్టర్ పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. వీటిని ఉంచాలా, కొట్టెయ్యాలా, ఎవరినడగాలా అని కాసేపు తల గోక్కుని, పెన్నుకు మూత పెట్టేశాడు.

సాయంత్రం గొడుగు తీసుకెళ్ళి మాస్టారి మంచం పక్కన ఆనించాడు.

"ఆ అమ్మాయేం చేసింది?" అన్నాడు మాస్టారు.

"పరీక్ష రాసింది సార్."

"ఎవరు రానిచ్చారు?"

"మీరే సార్."

మాస్టారు చెయ్యి చాచి గొడుగు పిడి పట్టుకున్నాడు. "ఎన్నింటికి వచ్చింది?"

"తొమ్మిదీ యాభై."

"పేరు రాశావా?"

"లేదు సార్."

"గొడుగు ఉండగానేనా?"

"గొడుగుంది సార్," అన్నాడు కండక్టర్. "గేటు దగ్గర నేను లేను."

మాస్టారు కూర్చోమన్నట్టు కుర్చీ చూపించి, అతనికి కూడా ఒక కప్పు టీ తెమ్మని లోపలికి కేకేశాడు.